ఎన్ని యని కాదు, ఏల యని అడుగుడు

విశ్వవిద్యాలయముల నిర్వహణశాస్త్ర పరిశోధన సంఘముల అధ్యక్షులకును, సభ్యులకును బహిరంగ లేఖ

మహాశయులారా,

నిర్వహణశాస్త్రమున పిహెచ్.డి. పట్టమునకై పరిశ్రమింపదలచిన యువతీయువకులు తమ సినాప్సిస్ ప్రతులను చేతబట్టుకొని మీ యెదుట నిలిచినప్పుడు, వారి రాబోవు కొన్నియేండ్ల కాలము ఏ త్రోవను నడువవలెనో నిర్ణయించు అధికారము మీ యందే యున్నది. ఆ అధికారమును మీరు శాస్త్రగౌరవముతోడను, విద్యార్థుల మేలు కోరియు వినియోగించుచున్నారనుటలో నాకు లేశమైనను సంశయము లేదు. అయినను ఒక్క విషయమున మాత్రము మీ విచారణపద్ధతి మారవలసి యున్నదనియు, అది మారనంతకాలము మన చుట్టునున్న సంస్థలనుగూర్చి మనమే స్వయముగా చెప్పగలిగిన సిద్ధాంతములు పుట్టుట దుర్లభమనియు నేను గాఢముగా విశ్వసించుచున్నాను. కావుననే ఆ మాట మీలో ఒకరిద్దరి చెవిని వేయుటతో తృప్తి చెందక, పదిమంది యెదుట బహిరంగముగా విన్నవించుకొనుచున్నాను.

విషయ మిది. కొద్ది సంస్థలను లోతుగా పరిశీలించి, అందుండి ఒక క్రొత్త సిద్ధాంతమును నిర్మింపదలచితినని విద్యార్థి చెప్పినంతనే, సమావేశమున మొట్టమొదట వినవచ్చు ప్రశ్న "శాంపిల్ ఎంత?" అనునది, దాని వెనువెంటనే వచ్చునది "హైపోథెసిస్ ఏది?" అనునది. ఈ రెండును అల్పమైన ప్రశ్నలు కావు. ఉన్న సిద్ధాంతము నిలుచునో లేదో పరీక్షింపబూనిన పరిశోధనకు అవి ఆయువుపట్లు. కాని లేని సిద్ధాంతమును కనుగొనుటకై బయలుదేరినవానిని, వాడు ఇంకను కనుగొననిదానిని ముందుగానే వ్రాసి యిమ్మని కోరుట న్యాయము కాదు. ఆ రెండు ప్రశ్నలకును జడిసి విద్యార్థి వెనుదిరిగి పోయి, అంతకుముందు వేయిమార్లు పరీక్షింపబడిన భావములనే మరల నెత్తికొని, అయిదు మెట్ల ప్రశ్నావళి నొకటి తయారుచేసి, దొరికినవారికెల్ల పంచి, వచ్చిన అంకెలను కంప్యూటరున వేసి, ఉద్యోగుల సంతృప్తికిని వారి పనితీరునకును సంబంధము గలదని తేల్చి పట్టము పుచ్చుకొనును. ఆ సంబంధము ఎట్లు కలిగినది, ఏల కలిగినది, ఒక కర్మాగారమున కలిగి ప్రక్క కర్మాగారమున ఏల కలుగలేదు అను ప్రశ్నలు మాత్రము అట్లే మిగిలిపోవును. శాస్త్రమునకు కావలసినవి ఆ మిగిలిన ప్రశ్నలే.

కేస్ స్టడీలనుండి సిద్ధాంతమును నిర్మించు మార్గము నిన్న మొన్న పుట్టిన వింత కాదు. క్రమశిక్షణ లేని స్వేచ్ఛావిహారమును కాదు. 1967లో బార్నీ గ్లేజర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ అను ఇద్దరు సమాజశాస్త్రజ్ఞులు, క్షేత్రమున దొరకిన సాక్ష్యమును అడుగడుగునను పోల్చి చూచుచు సిద్ధాంతమును పైకి తీయు విధానమునకు ఒక శాస్త్రరూపము కల్పించిరి. 1984లో రాబర్ట్ యిన్ కేస్ స్టడీ రూపకల్పనకు ప్రత్యేకముగా ఒక గ్రంథము వ్రాసెను. ఈ రెండు ధారలను కలిపి, నిర్వహణశాస్త్రమునకు అనువైన రాజమార్గముగా తీర్చిన గౌరవము స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు క్యాథ్లీన్ ఐసెన్‌హార్ట్‌కు దక్కవలెను. 1989లో అకాడమీ ఆఫ్ మేనేజ్‌మెంట్ రివ్యూలో వెలువడిన ఆమె వ్యాసము, పరిశోధనప్రశ్నను నిర్ణయించుకొనుట మొదలు సంస్థల నెన్నుకొనుట, సాక్ష్యసేకరణ సాధనములను సమకూర్చుకొనుట, క్షేత్రప్రవేశము, ఒక్కొక్క సంస్థను విడివిడిగా విశ్లేషించుట, సంస్థల నన్నింటిని ఎదురెదురుగా పెట్టి పోల్చుట, పరికల్పనలకు (హైపోథెసిస్‌లకు) రూపమిచ్చుట, పూర్వవాఙ్మయముతో సమన్వయించుట, ఎచ్చట ఆపవలెనో తెలిసి ఆపుట వరకు గల సోపానములను ఒకదాని వెంట నొకటి విశదీకరించినది. ఈ వరుసలో పరికల్పన యెచ్చట నున్నదో గమనింపుడు. అది ఆరంభమున లేదు. దారిలో చాల దూరము నడిచిన పిమ్మట, సాక్ష్యముతో అనేకమార్లు పెనుగులాడిన పిమ్మట గాని అది రూపము దాల్చదు. అట్టిదానిని తొలినాటి సినాప్సిస్‌లోనే చూపుమని మన సంఘములు కోరుచున్నవి.

మాటలతో వాదించుటకంటె, ఈ మార్గమున జరిగిన పని ఎట్టిదో ఒకటి రెండు దృష్టాంతములను దగ్గరగా చూపుట మేలు. అదే 1989లో ఐసెన్‌హార్ట్ ప్రచురించిన మరియొక వ్యాసమున, మైక్రోకంప్యూటర్ పరిశ్రమకు చెందిన ఎనిమిది సంస్థలలో పెద్ద నిర్ణయములు ఎంత వేగముగా జరుగుచున్నవో, ఆ వేగమునకు కారణమేమో పరిశీలించినది. ప్రధానాధికారిని మాత్రమే కాక, అగ్రనాయకత్వమున నున్న ప్రతి యధికారిని విడిగా కలిసి, ఒక్కటే నిర్ణయమును అందరి నోటను విని, పత్రములతో సరిపోల్చి, ఏ నిర్ణయము ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసినదో లెక్క కట్టినది. ఆ పరిశోధనకు పెట్టుకొన్న నియమములలో ఒకటి మన విద్యార్థులందరు కంఠస్థము చేయదగినది: సంభాషణ ముగిసిన ఇరువదినాలుగు గంటలలోపల దాని వివరములను, తమకు కలిగిన అభిప్రాయములను పూర్తిగా వ్రాసి ముగింపవలెను, జ్ఞాపకము చల్లారనీయరాదు.

ఫలితమేమి? ఆనాటి పాండిత్యము ప్రకారము, త్వరగా నిర్ణయింపదలచినవాడు తక్కువ సమాచారముతో, తక్కువ ప్రత్యామ్నాయములతో సరిపెట్టుకొనవలెను. ఆమె చూచినది దానికి పూర్తిగా విరుద్ధము. నాలుగు నెలలలోపుననే నిర్ణయించిన సంస్థలు, ఆరు నెలలకు పైబడి, పెక్కుసార్లు ఏడాదికిని మించి, నాన్చిన సంస్థలకంటె ఎక్కువ సమాచారమును, ఎక్కువ ప్రత్యామ్నాయములను వాడుకొన్నవి. అయితే ఆ సమాచారము భవిష్యత్తును గూర్చిన ప్రణాళికాపత్రముల సమాచారము కాదు; ఆ వారము, ఆ దినము సంస్థలో జరుగుచున్నదానిని తెలుపు వర్తమాన సమాచారము. వారు ప్రత్యామ్నాయములను ఒకదాని తరువాత నొకటిగా కాక, అన్నింటిని ఒక్కసారిగా ఎదుట పెట్టుకొని తూచిరి. అందరి సలహాను వినుచునే, అనుభవజ్ఞులైన ఒకరిద్దరి సలహాను విశేషముగా పాటించిరి. ఏకాభిప్రాయమునకై ప్రయత్నించి, అది కుదరనప్పుడు ప్రధానాధికారియు, ఆ విషయమునకు బాధ్యుడైన అధికారియు, ఇతరులు చెప్పినదానిని మనసున నుంచుకొని నిర్ణయించిరి. మందగమన సంస్థలలోనో, ఏకాభిప్రాయమునకై ఎదురుచూచుచు, గడువు మీద పడువరకు కాలము గడిపిరి. ఈ సత్యము ఎనిమిది సంస్థలనుండి వచ్చినది. ప్రశ్నావళిని పంచి వేలమందిని అడిగినను ఇది బయటపడెడిది కాదు; ఏలననగా, ఏ సమాచారమును గూర్చి అడుగవలెనో ఆ ప్రశ్నావళిని వ్రాసినవానికే తెలిసియుండదు.

రెండవ దృష్టాంతము కాన్నీ గెర్సిక్ అను పరిశోధకురాలిది. ఒక గడువు లోపల ఒక పని ముగింపవలసిన బృందములు మొదట కలిసికొని, పిదప కలహించి, పిదప కట్టుబాట్లు చేసికొని, కడపట పనిలో దిగునని అప్పటికి బహుకాలముగా పాఠ్యగ్రంథములు చెప్పుచుండెను. గెర్సిక్ నిజముగా పనిచేయుచున్న ఎనిమిది బృందముల నెన్నుకొని, ఒక్కొక్కదాని మొదటి సమావేశమునుండి తుది సమావేశమువరకు కూర్చుండి గమనించినది. అందులో ఒక బృందమునకు గడువు ఏడు దినములు. మరియొకదానికి దాదాపు ఆరు నెలలు. చేయు పనులు వేరు, మనుష్యులు వేరు, సంస్థలు వేరు. అయినను 1988లో ప్రచురించిన ఆమె వ్యాసము తెలిపిన దేమనగా, ప్రతి బృందమును మొదటి సమావేశముననే ఒక పోకడను పట్టుకొని, తన గడువులో సరిగా సగము గడచువరకు దానినే అంటిపెట్టుకొని, ఆ నడిమి ఘట్టమున పాత పోకడను విడిచి ఒక్క గంతున క్రొత్త దారి త్రొక్కినది. ఏడు దినముల బృందమునకును, ఆరు నెలల బృందమునకును ఆ మలుపు నడిమిభాగముననే వచ్చుట చూచి, బృందములను నడుపునది దశలు కాదు, గడువును గూర్చిన కాలస్పృహ యని ఆమె సిద్ధాంతీకరించినది. ఒకే ఒక బృందమును చూచినచో ఆ మలుపు ఆ బృందపు విశేషమని తోచెడిది. వేయి బృందములను ప్రశ్నావళితో పలుకరించినచో ఆ మలుపు కనబడనే కనబడదు. లోతును తులనమును కలిసినందుననే ఆ సత్యము చేతికి చిక్కినది.

ఇంతవరకు విన్న మీదట మీలో కొందరు, "అదంతయు సరే, ఎనిమిదింటిని చూచి లోకమంతటికి ఎట్లు చెప్పుదువు?" అని అడుగుదురు. ఈ ఆక్షేపణకు సమాధానముగా కేస్ స్టడీ పక్షమువారు కొందరు, అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునను సామెతను వల్లించుచుందురు. ఆ సమాధానము తప్పు. దానిని నేను సమర్థింపను. కుండలోని మెతుకులన్నియు ఒక్క నీట, ఒక్క మంటమీద ఉడికినవి గనుక ఒకటి తక్కిన వానికి ప్రతినిధి కాగలదు. సంస్థలు అట్టివి కావు. ఒకటి మరియొకదానికి ప్రతినిధి కానేరదు. కేస్ స్టడీ బలము ప్రాతినిధ్యమున లేదు. మంట, నీరు, బియ్యము కలిసి అన్నముగా ఎట్లు మారినవో, ఆ మార్పునకు ఏ కారణము ఏ క్రమమున పనిచేసినదో చూపుటలో ఉన్నది. అందువలననే యిన్, సంఖ్యల మీద ఆధారపడు సామాన్యీకరణము వేరు, తర్కము మీద ఆధారపడు సామాన్యీకరణము వేరు అని విభజించెను. మొదటిది ఇన్ని సంస్థలలో ఇన్నింట ఈ లక్షణము గలదని చెప్పును. రెండవది ఇట్టి కారణములు కలిసినచోట ఇట్టి కార్యము కలుగునని చెప్పును. ఈ రెండవ వాక్యము నిజమో కాదో తరువాతివారు ఎంత పెద్ద శాంపిల్‌తోనైనను పరీక్షించుకొనవచ్చును. అట్లు పరీక్షింపదగిన వాక్యమును సమకూర్చి యిచ్చుటయే ఈ పరిశోధకుని విధి.

హెన్రీ మింట్జ్‌బర్గ్ చూచినది అయిదుగురు ప్రధానాధికారులను. ఒక్కొక్కరిని ఒక్క వారము. నిర్వాహకుడనగా ప్రణాళిక వేయుచు, వ్యవస్థ ఏర్పరచుచు, నియంత్రించుచు నిదానముగా యోచించువాడని అర్ధశతాబ్దముగా పాఠ్యగ్రంథములు చెప్పిన మాటను ఆ అయిదు వారముల పరిశీలన కదలించివైచినది. వారు చేసిన పనులలో సగము తొమ్మిది నిమిషములైనను నిలువలేదు. గంటకు మించి సాగినవి నూటికి పది మాత్రమే. 1973లో వెలువడిన ఆ గ్రంథమును మనము తరగతిలో పాఠముగా చెప్పుచున్నాము. అదే మాదిరిగా అయిదుగురిని చూతునని మన విద్యార్థి యొకడు వచ్చినచో, శాంపిల్ చాలదని త్రిప్పి పంపుచున్నాము. పాఠముగా పూజ్యమైనది పరిశోధనగా నిషిద్ధమగుట ఎట్టి న్యాయము?

ఏవి ఎన్ని చూడవలెనను విషయమున మన తార్కికులు చెప్పినదానికంటె స్పష్టముగా ఎవరును చెప్పలేదు. పొగకును నిప్పునకును గల వ్యాప్తిని స్థాపించుటకు నైయాయికులు లోకమందలి పొగల నన్నింటిని లెక్కింపలేదు. రెండును కలిసియుండు వంటయింటిని ఒక ప్రక్కను, నిప్పు లేనందున పొగయు లేని మడుగును మరియొక ప్రక్కను నిలిపి, అన్వయముచేతను వ్యతిరేకముచేతను నిర్ణయించిరి. తర్కసంగ్రహమును రచించి దేశమంతటి విద్యార్థులకు ఈ పాఠము చెప్పిన అన్నంభట్టు మన తెలుగువాడే. జాన్ స్టువర్ట్ మిల్ 1843లో తన తర్కగ్రంథమున సామ్యభేద పద్ధతులని ప్రతిపాదించినదియు దీనికి దూరమైనది కాదు. ఐసెన్‌హార్ట్ పరస్పర విరుద్ధములైన సంస్థలను, అనగా మిక్కిలి నెగ్గినదానిని మిక్కిలి విఫలమైనదానిని, జోడించి ఎన్నుకొనుమని చెప్పుటలోని తర్కము ఇదియే. సంఖ్యను గూర్చి ఆమె చెప్పినదియు స్పష్టమే: నిర్ణీతమైన లెక్క లేదు, నాలుగునుండి పది వరకు సాధారణముగా చాలును, నాలుగింటికి తగ్గినచో, ఆ సంస్థ లోపలనే పోల్చదగిన ఉపఘటనలు పెక్కు లేనిచో, సిద్ధాంతమునకు చిక్కదనము చాలదు.

వ్యతిరేకమును విస్మరించినవారికి ఏమి జరుగునో నిర్వహణశాస్త్ర చరిత్రలోనే గుణపాఠము గలదు. 1982లో థామస్ పీటర్స్, రాబర్ట్ వాటర్‌మన్ అనువారు శ్రేష్ఠత యెక్కడ నున్నదని వెదకుచు, 43 అమెరికన్ సంస్థలను మేలైనవిగా ఎంచి, వానియందలి సమానలక్షణములను ఏరి గ్రంథము వ్రాసిరి. అది లక్షలాదిగా అమ్ముడుపోయినది. ఇంచుమించు రెండేండ్లకే, 1984లో, ఆ సంస్థలలో అనేకము ఇక్కట్ల పాలైనవని బిజినెస్ వీక్ పత్రిక ప్రకటించినది. లోపము సంఖ్యలో లేదు. 43 సంస్థలు తక్కువ కాదు. నెగ్గినవానిని మాత్రమే చూచి, అవే లక్షణములుండియు ఓడినవానిని చూడకపోవుటలో ఉన్నది. కావున నలుబదిమూడు కన్న నాలుగు మేలు కావచ్చును, ఆ నాలుగును యోచించి ఎన్నినవైనచో.

ఒక్కటే సంస్థను జీవితకాలము పట్టి చూచువారి పక్షమునను చెప్పవలసినది గలదు. 1991లో గిబ్ డయర్, అలన్ విల్కిన్స్ అనువారు ఐసెన్‌హార్ట్‌ను ఎదుర్కొని, సంస్థల సంఖ్యను పెంచుచు పోయినకొలది ఒక్కొక్కదాని కథ పలుచనగుననియు, శాస్త్రమున చిరస్థాయిగా నిలిచిన కేస్ స్టడీలు లోతైన కథలేననియు వాదించిరి. మంచి కథయు కావలెను, మంచి భావనిర్మాణమును కావలెను అని ఆమె ప్రత్యుత్తర మిచ్చెను. నా మనవి యేమనగా, ఆ వివాదమున ఎవరి పక్షము వహింపవలెననునది విద్యార్థి ఎత్తికొన్న ప్రశ్ననుబట్టి నిర్ణయింపవలసినది. మన దేశముననే దానికి దృష్టాంతము గలదు. టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ 1953లో అహమదాబాదు నందలి కాలికో మిల్లులకు వచ్చెను. అచ్చట క్రొత్తగా ఆటోమేటిక్ మగ్గములు బిగించినను ఉత్పత్తి గాని నాణ్యము గాని ఆశించినట్లు పెరుగలేదు. యంత్రములలో లోపము లేదు. పనివారిలో నేర్పును కొరవడలేదు. ఒక్కటే మగ్గము మీది పనిని ముక్కలు ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్కనికి అప్పగించుటచే, ఎవనికిని తన తోటివానితో స్థిరమైన సంబంధము లేకపోయినది. కొన్ని మగ్గములను కలిపి ఒక చిన్న బృందమునకు అప్పగించినచో ఎట్లుండునను ఆలోచన వచ్చినప్పుడు, దానిని తమదిగా చేసికొని బృందములుగా కూడినవారు ఆ పనివారే. సాంకేతిక వ్యవస్థయు సామాజిక వ్యవస్థయు ఒకదానికొకటి తగియుండవలెనను సిద్ధాంతమునకు ఆ మగ్గముల షెడ్డు ఒక ఆధారస్తంభమైనది. 1970లో ఎరిక్ మిల్లర్ ఆ మిల్లులకే తిరిగి వెళ్లి, ఆ పద్ధతి కొన్నిచోట్ల సన్నగిల్లినదనియు, ఒకచోట నిలిచియున్నదనియు చూచి, ఏది నిలిపినది, ఏది చెరచినది అని మరల ప్రశ్నించెను. ఒక్కటే మిల్లు, కాని పదిహేడేండ్ల కాలము దానినే తనకు తాను పోల్చదగిన రెండు సంస్థలుగా మార్చినది.

ఇట్టి పని మన తెలుగునాట చేయుటకు సంస్థలు కొరవడినవా? ములుకనూరును చూడుడు. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి నాయకత్వమున పూర్వపు కరీంనగర్ జిల్లాలో ఏర్పడిన ఆ గ్రామీణ సహకార సంఘము, అప్పు నిచ్చుటతో ఊరకుండక, రైతు పండించిన పంటను కొని, శుద్ధిచేసి, అమ్మి, ఆ వచ్చిన సొమ్ములో అప్పును జమకట్టుకొను ఏర్పాటు చేసికొని, దశాబ్దములుగా నిలిచియున్నది. దాని చుట్టు అదే వాన, అదే నేల, అదే పంటలు. 1964 నాటి అదే సహకార చట్టము. అయినను ఆ చట్టపు నీడన పుట్టిన ప్రాథమిక సంఘములు పెక్కు రాని బాకీలతో, ఎన్నికల తగవులతో కృశించిపోయినవి. 1995లో పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వచ్చి, ప్రభుత్వ జోక్యము లేకుండ నడుచుకొను వెసులుబాటు కల్పించిన మీదటను అన్నియు ఒక్క తీరున నడువలేదు. వంటయిల్లును మడుగును ప్రక్కప్రక్కనే యున్నవి, కావలసినది తార్కికుడు.

ఒక విద్యార్థిని ములుకనూరును, అదే ప్రాంతమున మూతపడిన సంఘమొకదానిని, బాగుగా నడచి పిదప క్షీణించినదానిని, క్షీణించి మరల లేచినదానిని ఎన్నుకొని, మినిట్స్ పుస్తకములను, బాకీల ఖాతాలను, పాత పాలకవర్గ సభ్యుల మాటలను, అప్పు ఎగవేసినవారి మాటలను కూడ సేకరించి పోల్చినదనుకొందము. అప్పును అమ్మకముతో ముడివేయుట నిజముగా కారణమా, లేక నాయకుని నిజాయితీయా, లేక సభ్యుల సొంత పొదుపు సంఘమున నుండుటచే కలిగిన కాపలాయా? నాయకుడు గతించిన పిమ్మటను నిలిచిన సంఘమున అతని స్థానమున ఏ కట్టుబాటు పనిచేసినది? ఇట్టి ప్రశ్నలకు సమాధానము దొరకినచో అది ములుకనూరుకు మాత్రమే చెందిన కథ కాదు. సొంతదారులే వాడుకదారులైన సంస్థ యేదైనను ఎట్లు నిలుచునను సిద్ధాంతము. దానిని కెన్యాలోని పాల సంఘమునను, స్పెయిన్‌లోని కార్మిక సహకార సంస్థలోను పరీక్షించుకొనవచ్చును. అట్టి విద్యార్థినిని "నాలుగే సంఘములా?" అని మందలించి పంపకుడని నా ప్రార్థన.

ఇంత చెప్పినంతమాత్రమున కేస్ స్టడీ పేరిట వచ్చు ప్రతి రచనను మీరు ఆమోదింపవలెనని నేను కోరుటలేదు. దానికి సరిగా విరుద్ధముగా, ఇప్పటికంటె కఠినముగా పరీక్షింపుమని కోరుచున్నాను. సంస్థ పుట్టుపూర్వోత్తరములను, శాఖల పట్టికను, వార్షిక నివేదికలోని లాభనష్టములను నింపి, చివర కొన్ని సూచనలు జోడించిన వర్ణన సిద్ధాంతము కాదు. తరగతిలో చర్చకై వ్రాయు కేసును, సిద్ధాంతమునకై చేయు కేస్ స్టడీని ఒక్కటిగా భావించుటయు పొరపాటు. మొదటిది విద్యార్థిని నిర్ణయమున నిలబెట్టుటకు, రెండవది కారణమును నిగ్గుదేల్చుటకు. మనసును మోసపుచ్చు ప్రమాదములు ఈ దారిలో మెండు: కొద్దిపాటి సాక్ష్యముతోనే తుది మాటకు ఉరుకుట, రసవంతమైన సంఘటనకు వశమగుట, పెద్ద హోదాలోనివారు చెప్పినదే వేదమని నమ్ముట, తన ఊహకు అడ్డువచ్చు సాక్ష్యమును తెలిసియో తెలియకయో జారవిడుచుట. సాక్ష్యము సమృద్ధిగా నుండుటచే సిద్ధాంతము సర్వమును ఇముడ్చుకొనబోయి బరువెక్కుటయు, లేదా ఆ ఒక్క సంస్థ సరిహద్దు దాటలేక కుంచించుకొనిపోవుటయు ఐసెన్‌హార్ట్ స్వయముగా హెచ్చరించిన దోషములే.

కావున మీరు అడుగదగిన ప్రశ్నలు ఇవియని నాకు తోచుచున్నది. ఈ సంస్థలనే ఏల ఎన్నుకొంటివి? నీ సిద్ధాంతమును వమ్ముచేయగల సంస్థను వానిలో చేర్చితివా? ఒక్క సంఘటనను ఎందరి నోట వింటివి? పై అధికారి చెప్పినదానిని క్రింది గుమాస్తా చెప్పినది ఎక్కడ ఖండించినది? నీ వివరణకు పోటీగా నిలువగల వేరు వివరణ ఏది; దానిని ఏ సాక్ష్యముచే త్రోసిపుచ్చితివి? నీ మాట పూర్వవాఙ్మయమున ఎవరితో ఏకీభవించుచున్నది, ఎవరితో విభేదించుచున్నది, ఆ విభేదమునకు కారణమేమి? నీవు ఎన్నదగిన మరియొక సంస్థను చూచినను క్రొత్త సంగతి రాదని ఎట్లు తెలిసికొని ఆపితివి? మౌఖిక పరీక్షలో ఈ ప్రశ్నలకు తడబడకుండ, క్షేత్రమున వ్రాసికొన్న పుస్తకమును తెరచి చూపుచు బదులు చెప్పగల విద్యార్థి, ఏ గణాంక పట్టికకును తీసిపోని క్రమశిక్షణను చూపినట్లే.

ఇందుకు మీ వలన కావలసిన సహాయము నాలుగు మాటలలో చెప్పవచ్చును. మొదటిది, సినాప్సిస్ నమూనాలో హైపోథెసిస్ గడిని ఈ కోవకు చెందిన పరిశోధనకు తప్పనిసరి చేయక, దానికి బదులు పరిశోధనప్రశ్నను, ఆరంభమున చేతనుంచుకొన్న భావములను, సంస్థల ఎంపికకు గల తర్కమును కోరుడు. రెండవది, కాలము నొసగుడు. 2022 నాటి యు.జి.సి. నిబంధనలు పిహెచ్.డి.కి కనీసము మూడేండ్లు, గరిష్ఠముగా ఆరేండ్లు గడువు నిచ్చుచున్నవి. అందులో క్షేత్రమున గడుపు మాసములను సెలవుగా గాక పనిగా లెక్కింపుడు. మూడవది, తెలుగున జరిగిన సంభాషణలను ఇంగ్లీషు పరిభాషలోనికి మార్చి మాత్రమే అప్పగింపుమనక, చెప్పినవారి మాటలను చెప్పినట్లే తెలుగున భద్రపరచి, థీసిస్‌తోపాటు పరీక్షకులకు అందుబాటున నుంచుడు. పేర్లను మరుగుపరచు బాధ్యతను నియమముగా విధింపుడు. నాలుగవది, ఈ పద్ధతిలో చేయి తిరిగినవారిని పరీక్షకులుగా పిలువుడు. గణాంక పరిశోధనను కేస్ స్టడీ పండితునిచే పరీక్షింపజేయుట ఎంత అనుచితమో, దానికి విపర్యయమును అంత అనుచితమే.

1956లో హైదరాబాదున అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి వెలసిన నాటినుండి తెలుగునాట నిర్వహణవిద్య వర్ధిల్లుచునే యున్నది. ఇన్నేండ్లుగా మనము ఎక్కువగా చేసినది, వేరుచోట పుట్టిన సిద్ధాంతములు మన బొగ్గుగనులలో, మన చక్కెర మిల్లులలో, మన బ్యాంకు శాఖలలో సరిపోవునా లేదా యని కొలిచి చూచుట. అది అనవసరమని అనను. కాని మన సంస్థలు ఇతరుల సిద్ధాంతములకు కొలతపాత్రలుగా మాత్రమే ఎంతకాల ముండవలెను? ఇచ్చటి సహకార సంఘమునుండి, చేనేత సంఘమునుండి, కుటుంబ వ్యాపారమునుండి పుట్టిన సిద్ధాంతమును ఇతరులు తమ దేశమున పరీక్షించుకొను దినము రావలెనన్నచో, సాధనసంపత్తి కంటె ముందుగా అనుమతి కావలెను. ఆ అనుమతి మీ చేతిలో నున్నది. నా వాదమున దోషము గలదని తోచినవారు కారణములతో బహిరంగముగనే ఖండింపుడు, నేను శ్రద్ధతో విందును. సమ్మతమని తోచినవారు ఈ విద్యాసంవత్సరముననే నిబంధనలను సవరింపుడు.

ఇట్లు,
భవదీయుడు,
నిర్వహణశాస్త్ర అధ్యాపకుడొకడు